పైవాడి సీసా

ఆ పనిచోట అందరూ అతణ్ణి పైవాడనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది అతని బావ. సగం లేచిన భవనాల మధ్య అన్నిటికంటే ఎత్తున నిలబడ్డ క్రేను, దాని మెడ దగ్గర అద్దాల గది, అందులో పొద్దస్తమానం కూర్చుని ఇనుమూ కాంక్రీటూ ఎత్తి దించే మనిషి అతను. "పైవాడు కరుణిస్తే గానీ ఇవాళ స్లాబు పడదు" అని బావ వాకీటాకీలో అంటే కింద మేస్త్రీలు పగలబడి నవ్వేవారు.

బావంటే సొంత అక్క మొగుడే. ఉండేది ఒకే మేడ మీద పక్కపక్క వాటాల్లో, చేసేది జంటపని. బావ స్లాబు అంచున నిలబడి సైగలిచ్చేవాడు. "కొంచెం ఎడమకి. ఇంకొంచెం. దించు, దించు, ఆపు." పై గదిలో కూర్చున్నవాడికి రోజంతా వినిపించే మనిషి గొంతు అదొక్కటే.

ఆ గదిలో రెండు చేతులూ చాపితే అటూ ఇటూ అద్దాలు తగులుతాయి. ఒక కుర్చీ, చెరో చేతికీ ఒక లివరు, మొరాయించే ఫ్యాను, కాళ్ల కింద కూడా అద్దమే. ఒకసారి ఎక్కి కూర్చుంటే భోజనాల గంట కొట్టేదాకా దిగడమనే మాట లేదు. స్తంభం లోపలి నిచ్చెన మీదుగా దిగి మళ్లీ ఎక్కేసరికి బకెట్టులో కాంక్రీటు బిగుసుకుపోతుంది, ఇంజనీరు గొంతు చించుకుంటాడు. అందుకే క్రేను నడిపే ప్రతివాడి దగ్గరా ఒక ఖాళీ సీసా ఉంటుంది. ఎవరూ దాని ఊసెత్తరు, అందరికీ తెలుసు.

పైవాడిది కూల్‌డ్రింకు ఖాళీ చేసిన తెల్ల ప్లాస్టిక్ సీసా. ఎండలు మండే రోజుల్లో నీళ్లు సరిగ్గా తాగకపోతే అందులో చిక్కటి పసుపు కనిపించేది. వెలుతురుకి ఎత్తి చూసి, "నీళ్లు చాలడం లేదు" అనుకుని ఇంకో రెండు గుక్కలు తాగేవాడు. ఒంటి గురించి అతను పట్టించుకునేది అంతవరకే.

ఒకరోజు పొద్దున, వానలు ఇంకా మొదలవలేదు, సీసా మూత బిగిస్తూ అతను అలాగే ఆగిపోయాడు. లోపలున్నది ఎర్రగా ఉంది. దానిమ్మరసం కలిపినట్టుంది. వెనక అంతా తెల్లటి ఆకాశం, దాని ముందు ఆ ఎరుపు. అనుమానానికి చోటే లేదు.

"ఏరా బావమరిదీ, నిద్రపోయావా? బకెట్టు నా నెత్తి మీద వేలాడుతోంది!" చెవిలో బావ.

"ఆఁ, దించుతున్నా" అన్నాడు. సీసాని కుర్చీ వెనక్కి తోశాడు. లివరు మీద చెయ్యి మామూలుగానే కదిలింది. అదే అతనికి వింతగా అనిపించింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఒంట్లోంచి నెత్తురు పోతుంటే ఒంటికి తెలియకుండా ఉంటుందా?

సాయంత్రం ఇంటికి రాగానే భార్యని అడిగాడు, "నిన్న బీట్‌రూట్ వండావా?"

"బీట్‌రూట్ మొహం చూసి నెలయింది. ఏం, తినాలనుందా?"

"అబ్బే, ఊరికే."

మర్నాడు సీసాలో మామూలు రంగే. ఆ మర్నాడూ అంతే. ఏదో వేడి చేసి ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మనసు తేలికపడి, ఆ వారమంతా బావ వేసే పాత జోకులకి కూడా నవ్వాడు. వానలు పట్టాక ఎరుపు మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా చిక్కగా, మధ్యలో చిన్న గడ్డతో. రెండు రోజులుండి మళ్లీ పోయింది.

అప్పుడతను చేసిన పని ఇదీ. తెల్ల సీసా పారేసి, నల్లటి మందపు సీసా ఒకటి కొన్నాడు. మూత బిగిస్తే లోపలేముందో ఎవరికీ తెలియదు, తనకి కూడా. ఇంట్లో బాత్‌రూమ్‌లో దీపం వేసుకోవడం మానేశాడు. "ఆ చీకట్లో ఏం తపస్సు చేస్తారండీ?" అని భార్య బయటి నుంచి స్విచ్చి వేస్తే, లోపలి నుంచి గయ్యిమనేవాడు. ఆవిడ బిత్తరపోయేది. అంత చిన్న విషయానికి అరిచే మనిషి కాదతను.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, గేటు దగ్గరున్న మనిషి వల్ల. అతనూ ఒకప్పుడు క్రేను ఆపరేటరే. ఒకసారి మూర్ఛ వచ్చిందని డాక్టరు 'పనికిరాడు' అనేశాడు. అప్పటి నుంచి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, లారీ వచ్చినప్పుడల్లా అడ్డకర్ర ఎత్తి దించుతున్నాడు. రోజూ పొద్దున పైవాడు లోపలికి వెళ్తుంటే ఆ మనిషి తలెత్తి క్రేను వంక చూసేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికి పైవాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నడిచేవాడు.

కానీ అదొక్కటే కాదు. అడిగితే జవాబు వస్తుంది. అతని అసలు భయం ఆ జవాబంటే.

అలాంటి సమయంలో ఏటేటా జరిగే ఆరోగ్య పరీక్ష వచ్చిపడింది. క్రేనులూ లిఫ్టులూ నడిపేవాళ్లకే అది. డాక్టరు వ్యాను లోపలికొచ్చి ఆగుతుంది. కళ్లూ చెవులూ బీపీ చూస్తారు, మూత్రం పట్టుకురమ్మని చేతికి ఒక డబ్బా ఇస్తారు. సరిగ్గా ముందు రోజే ఎరుపు మళ్లీ మొదలైంది. నల్ల సీసా ఉన్నా తెలిసిపోయింది. చొక్కా అంచుకి చుక్క అంటింది.

పైవాడు బావని పక్కకి పిలిచాడు.

"బావా, చిన్న సాయం. జలుబు మాత్రలు మింగాను. వాటివల్ల మత్తుమందు తీసుకున్నట్టు చూపిస్తుందట. రేపు డబ్బాలో నీది పోసివ్వు."

బావ కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత ముసిముసిగా నవ్వాడు. "అక్క మొగుణ్ణి ఇన్నేళ్లకి ఒక్క కోరిక కోరావు. అదీ ఇదా! సరే, నాకేం లోటు, ఎంత కావాలంటే అంత."

ఆ మాట నిజమే. బావ ఈమధ్య గంటగంటకీ వెళ్లొచ్చేవాడు. నీళ్ల క్యాను పక్కన పెట్టుకుని గటగటా తాగేవాడు. "మోటారు ఆన్ చేసొస్తా, కాసేపు ఏమీ ఎత్తకు" అని వాకీటాకీలో చెప్పేవాడు. మర్నాడు రేకుల మరుగుదొడ్ల దగ్గర, పక్కపక్క గదుల్లో దూరి, అడ్డు రేకు కింది సందులోంచి డబ్బా చేతులు మారింది. పైవాడు దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. కుళాయి నీళ్లలా తేటగా ఉంది. అంత తేటగా ఉన్నది చూసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆరోగ్యమంటే ఇదీ అనుకున్నాడు.

వ్యానులో డాక్టరమ్మ డబ్బాలో ఒక పట్టీ ముంచింది. రంగు మారేదాకా చూసి, ఇంకో పట్టీ తీసి మళ్లీ ముంచింది.

"నీళ్లు బాగా తాగుతున్నారా?"

"ఆఁ, మామూలుగానే."

"మాటిమాటికీ వెళ్లాల్సొస్తోందా? బరువు తగ్గారా?"

పైవాడు డబ్బా వంక చూశాడు.

"మీకు షుగర్ ఉంది. కొద్దిగా కాదు, బాగా ఉంది" అంది ఆవిడ. "చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, చక్కెర కంటికి కనపడదు కదా. ఆసుపత్రికెళ్లి రక్తపరీక్ష చేయించుకురండి. అది వచ్చేదాకా పైకి ఎక్కకూడదు."

అతను వ్యాను మెట్లు దిగి, వంచి పేర్చిన ఇనపచువ్వల పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఇవతల తన నెత్తురు. అవతల బావ చక్కెర. బావ ఆత్రంగా వచ్చాడు.

"పాసయ్యానా?"

"షుగరుందట."

"ఎవరికి?" అన్నాడు బావ నవ్వుతూ. ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. బావ తల్లికి షుగర్ వచ్చి కాలు తీసేశారు. ఆవిడ మంచం పక్కన ఆనించి ఉండే చెక్క కాలుతో చిన్నప్పుడు ఆడుకున్న మనిషి అతను.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు నెమ్మదిగా.

"చూపించుకో బావా."

"చూపించుకుంటాలే. ముందు నువ్వు నోరు మూసుకో. చెప్పావో, ఆ డబ్బా సంగతి నేనూ చెప్తా. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

బావ ఏనాడూ బెదిరించిన మనిషి కాడు. బెదిరించడం చేతకాక గొంతు వణికింది. పైవాడు తలూపాడు. బావ నోరు మూయిస్తున్నందుకు లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాడు కూడా. ఆ డబ్బా కథ బయటికి రాకపోతే, అది ఎందుకు కావాల్సొచ్చిందో ఎవరూ అడగరు.

అలా ఇద్దరూ ఒకే తాడుకి రెండు కొసల్లా బిగుసుకుపోయారు.

ఇంట్లో మాత్రం షుగర్ రోగి పైవాడే అయ్యాడు. భార్య చక్కెర డబ్బా అటక మీద పెట్టేసింది. అక్క పొద్దున్నే పక్క వాటాలోంచి రెండు గ్లాసులతో వచ్చేది. తమ్ముడికి చప్పటి టీ, మొగుడికి మూడు చెంచాలు వేసిన టీ.

"తాగరా, అలవాటైపోతుంది. మీ బావని చూడు, గుండ్రాయిలా ఉన్నాడు. తీపి తినేవాడికి రాలేదు, నీకెందుకొచ్చిందో."

గుండ్రాయిలా ఉన్న బావ ప్యాంటు నడుము దగ్గర కొత్తగా కుట్టిన మడత పైవాడికి కనిపిస్తూనే ఉంది. బావ గ్లాసు ఎత్తి అతని వంక చూడకుండా తాగేవాడు. మొదటి రోజు సగంలో ఆగాడు. "ఏం, బాలేదా?" అని అక్క అడిగింది. మిగతాది ఒక్క గుక్కలో మింగేశాడు. చప్పటి టీ పైవాడి గొంతు దిగేది కాదు. అతను ఆపుకోలేక "అక్కా" అన్నప్పుడల్లా బావ దగ్గేవాడు.

"చూపించుకున్నావా?" అని మేడమెట్ల మీద పట్టుకుని అడిగితే, "ఈ స్లాబు అయ్యాక" అనేవాడు బావ. ఆ స్లాబు అయ్యాక ఇంకో స్లాబు వచ్చేది. "నువ్వు రక్తపరీక్షకి వెళ్లావా?" అని బావ ఎదురు అడిగితే పైవాడు మాట మార్చేవాడు. వెళ్తే షుగర్ లేదని తేలుతుంది. డాక్టరమ్మ మళ్లీ మూత్రం అడుగుతుంది. ఈసారి డబ్బా కళ్ల ముందే నింపమంటుంది.

క్రేను ఎక్కనివ్వకపోయేసరికి అతణ్ణి పై అంతస్తుల్లో చెత్త ఏరే పనికి వేశారు. అక్కడ ఒక మూల, మనుషులు మరుగుదొడ్డిదాకా దిగే ఓపిక లేక కానిచ్చేసే గోడ దగ్గర, బారులు తీరిన చీమలు కనిపించాయి. నున్నటి కాంక్రీటు మీద, తిండిమెతుకు లేని చోట, నల్లగా ముసిరి ఉన్నాయి. కాసేపటికి బావ "మోటారు" అంటూ అటే వచ్చాడు. చీమల్ని చూశాడు, పైవాణ్ణి చూశాడు, చెప్పుకాలితో వాటిని రాసి పారేశాడు. నెత్తి మీద క్రేను కొత్త ఆపరేటరు చేతిలో కుదుపులు కుదుపులుగా తిరుగుతోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నలుగురూ అక్క వాటాలో ఉన్నారు. బావ కిందికి వెళ్లి కూరగాయలు తెచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఏదో జోకు చెబుతూ వంటింటిదాకా వెళ్లి సంచీ పెట్టి వచ్చాడు. తెల్లటి పలకరాళ్ల మీద ఎర్రటి ముద్రలు, గుమ్మం నుంచి వంటింటికి, అక్కణ్ణుంచి మంచానికి.

"రంగు తొక్కొచ్చావా ఏంటి? ఇప్పుడే తుడిచాను" అని అక్క గుడ్డ తీసుకుని వంగింది. వంగి ఆగిపోయింది. "ఇది రంగు కాదు. కాలు చూపించు."

బావ కాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకుని తనూ వింతగా చూశాడు. అరికాల్లో తల విరిగిన మేకు దిగబడి ఉంది. చెప్పులోంచి దూసుకొచ్చి మడమ పక్కన దిగి, చెప్పు విడిచినా అక్కడే ఉండిపోయింది. అంత మేకుతో వీధంతా నడిచి, మెట్లెక్కి, జోకు చెప్పాడు మనిషి.

"నొప్పి లేదా?" అంది అక్క.

"లేదే!" అన్నాడు బావ. ఆ మాట అంటూండగానే అతని మొహంలో రక్తం ఇంకిపోయింది.

నొప్పి లేదు. ఆ రెండు మాటలూ పైవాడి చెవిలో తన మాటల్లాగే వినిపించాయి. ఇక గొంతు దానంతటదే తెరుచుకుంది.

"అక్కా, షుగర్ నాక్కాదు. బావకి."

"నీకేమన్నా పిచ్చా?"

"ఆ రోజు డబ్బాలో ఇచ్చింది బావది. నాది కాదు."

బావ ఈసారి దగ్గలేదు. కాలు పట్టుకుని తల దించుకున్నాడు. అక్క ఒకసారి మొగుడి వంక, ఒకసారి తమ్ముడి వంక చూసి, చేతిలో తడిగుడ్డని తమ్ముడి మొహాన విసిరికొట్టింది. "చక్కెర నా చేత్తో కలిపిచ్చానురా! మూడు చెంచాలు! నువ్వు ఎదురుగా కూర్చుని చూశావు!"

పైవాడు మొహం తుడుచుకోలేదు. గది మూల నిలబడ్డ భార్య అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"మీది ఎందుకివ్వలేదు?"

"జలుబు మాత్రలు..."

"ఈ ఏడాది మీకు జలుబు చేయలేదు."

తలుపు తెరిచే ఉంది. ఆ తలుపుకీ తనకీ మధ్య నేల మీద నెత్తుటి ముద్రలు. పైవాడు వాటినే చూస్తూ అన్నాడు, "ఎర్రగా వస్తోంది."

"ఏది?" అని ఆవిడ అడగలేదు. "అందుకా చీకట్లో వెళ్లేది" అంది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. "ఎప్పట్నుంచి?"

"వానలకి ముందు."

అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది బావ. "పొద్దస్తమానం నీ చెవిలోనే ఉన్నానురా. నాతో కూడా అనలేకపోయావా?" అన్నాడు, కాల్లో మేకుతోనే.

ఆటో పిలిచి ఇద్దర్నీ కలిపి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బావ రక్తంలో చక్కెర చూసి నర్సు రెండోసారి పరీక్షించింది. సన్నటి దారం లాంటిదాంతో అరికాలంతా పొడుస్తూ "తెలుస్తోందా, తెలుస్తోందా" అని డాక్టరు అడిగితే బావ చాలాచోట్ల తల అడ్డంగా ఊపాడు. రోజూ ఇన్సులిన్ మొదలుపెట్టారు. పుండు మానడానికి చలికాలమంతా పట్టింది. కాలు దక్కింది.

పైవాణ్ణి చూసిన డాక్టరు పెద్దాయన. మొత్తం విని, "నొప్పి లేదని ఆగారా?" అని అడిగాడు.

"అవునండీ."

"నొప్పుంటే జనం వాళ్లంతట వాళ్లే పరిగెత్తుకొస్తారు. నొప్పి లేకుండా నెత్తురు కనపడితేనే నాకు ఎక్కువ భయం. ఒక్కసారి కనపడి పోయినా సరే, రావాలి. సిగరెట్లు కాలుస్తారా?"

మీసాలు రాకముందు నుంచీ కాలుస్తున్నాడు. ఆయన సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించాడు. మూత్రాశయం గోడకి సముద్రపు నాచులా ఊగుతున్న చిన్న కణితి. తన ఒంట్లోనే ఉన్న మూసిన గదిని అతను మొదటిసారి చూశాడు. చూపు తిప్పుకోలేదు.

దాన్ని గీకి తీసేశారు. క్యాన్సరే, కానీ లోపలి కండదాకా పాకలేదన్నారు. వారం వారం అక్కడికే మందు ఎక్కించారు. "మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. మూడు నెలలకోసారి గొట్టం వేసి చూస్తూ ఉండాలి" అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లని అడిగితే, "ఏళ్లు" అన్నాడు.

వ్యాను డాక్టరమ్మకి డబ్బా సంగతి పైవాడే వెళ్లి చెప్పాడు. కంపెనీ వాళ్లు జబ్బు చేసినందుకు ఏమీ అనలేదు గానీ, మోసం చేసినవాడి చేతికి క్రేను ఇచ్చేది లేదన్నారు. చువ్వలు వంచే షెడ్డులో వేశారు. రేకుల కప్పు, నేల మీద నడక, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్లొచ్చు. అయినా అతనికి అదే ఇరుకుగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఊరంతా కనిపించేది, ఇక్కడ ఎదురుగా గోడ. కొత్తగా వచ్చిన కూలీలు, ఎందుకలా పిలుస్తారో తెలియకుండానే అతణ్ణి పైవాడంటారు.

అక్క చాలాకాలం మాట్లాడలేదు. పక్క వాటాలోంచి ఆవిడ గొంతు వినిపించేది, గుమ్మం దగ్గర ఎదురైతే మొహం తిప్పుకునేది. బావ రెండు వాటాల మధ్యా కట్టు కట్టిన కాలితో కుంటుతూ రాయబారాలు మోసేవాడు. "మీ అక్క కోపం తగ్గింది. ఇప్పుడు నిన్ను 'వాడు' అంటోంది. మొన్నటిదాకా 'అది' అంటుండేది" అని చెప్పాడు ఒకసారి.

మూడు నెలలకి మళ్లీ గొట్టం వేసి చూసే రోజున భార్య కూడా వచ్చింది. లోపలికి రానివ్వరని తెలిసినా తలుపుదాకా వచ్చింది. బల్ల మీద కాళ్లు ఎడం చేసి పడుకుని, తెర మీద గులాబిరంగు గోడలు మెల్లగా తిరుగుతుంటే, అతను ఊపిరి బిగపట్టాడు. డాక్టరు మూల మూలా వెతికాడు.

"ఈసారికి ఏమీ లేదు. మూడు నెలలకి రండి." కణితి మళ్లీ వస్తే ఏం చేయాల్సొస్తుందో కూడా చెప్పాడు.

బయటికి రాగానే భార్య లేచి నిలబడింది. మొదట "ఏమీ లేదన్నాడు" అన్నాడతను. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "ఈసారికి అన్నాడు. మూడు నెలలకి మళ్లీ రమ్మన్నాడు. వస్తే మళ్లీ గీకాలి, ఎక్కువైతే మూత్రాశయం మొత్తం తీసేయాల్సి రావచ్చన్నాడు. ఇంకేం అనలేదు. అన్నదంతా ఇదే."

ఆవిడ తలూపి సంచీ భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ బస్టాపు వైపు నడిచారు.